కింది మరకు మూడు గాట్లు

అది 2015. చెన్నైలో చూలై సందులో ఉన్న మా వర్క్‌షాపుకి అప్పటికే పని తగ్గిపోయింది. మా నాన్న కాలంలో భూమి కొలిచే పరికరాలు బాగుచేయించుకోడానికి సర్వేయర్లు గుమ్మం ముందు కాచుకుని కూర్చునేవారు. టోటల్ స్టేషన్లు, అంటే కోణమూ దూరమూ తామే లెక్కకట్టి చూపించే ఎలక్ట్రానిక్ మిషన్లు, వచ్చాక వాళ్ళు రావడం మానేశారు. వాళ్ళ బదులు పాత సామాన్లు సేకరించేవాళ్ళు రావడం మొదలుపెట్టారు. దేశాన్ని కొలిచే పనికి తొలి గీత మన పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్, దగ్గరే కొలిచారని వాళ్ళకొక మురిపెం. ఎప్పుడో ఓడల్లో వచ్చిన ఇత్తడి పరికరాలు వెతికి కొని, హాల్లో నిలబెట్టుకుంటారు. వాళ్ళకు కోణం తప్పినా పరవాలేదు, మెరుపు మాత్రం తగ్గకూడదు. నిజం చెప్పాలంటే నేనూ ఆ మెరుపుకే అలవాటు పడిపోయాను.

ఆ ఏడు వేసవి సెలవుల్లో పురసవాక్కం నుంచి రేవతమ్మ అనే స్కూల్ టీచరు ఆటోలో ఒక టేకు పెట్టె తెచ్చింది. లోపల థియోడలైట్ ఉంది. పైన దుర్బీను, దాని కింద డిగ్రీలు చెక్కిన గుండ్రటి పళ్ళెం ఉంటాయి. రెండు గుర్తుల మధ్య కోణం కొలిచే పరికరం అది.

"ఇది మా నాయినదన్నా. సర్వేలో ముప్పై ఏండ్లు దీంతోనే పని చేసినాడు. ఆఫీసులో ఏలం ఏస్తే తనే కొనుక్కున్నాడు. ఇప్పుడు రెండు కండ్లూ పోయినాయి. పొద్దస్తమానం దీన్నే తడుముకుంటా కూర్చుంటాడు" అంది.

"రిపేరేమైనా ఉందామ్మా?"

"రిపేరు కాదన్నా, కొత్తదాని మాదిరి చేసియ్యాల. వచ్చేనెల ఆయనకి ఎనభై అయిదు నిండతాయి. వచ్చినోళ్ళు చూసి నాలుగు మాటలు మెచ్చుకుంటే విని సంతోషపడతాడు. నూనె పెట్టించుకొస్తానని మాత్రమే చెప్పినా ఆయనకి."

కళ్ళు లేని మనిషికి కొత్త మెరుపెందుకని నాకు తట్టనే లేదు. ఎంత బాగా చేయాలా అనే ఆలోచిస్తున్నాను.

థియోడలైట్‌కి నడుము దగ్గర రెండు క్లాంపులు, అంటే బిగింపు మరలు, ఉంటాయి. పై మర వదులు చేస్తే దుర్బీను ఒక్కటే తిరుగుతుంది, పళ్ళెం కదలదు. కింది మర వదులు చేస్తే పళ్ళెం కూడా దుర్బీనుతోపాటే తిరిగిపోతుంది. కింది మర తల అంచున మూడు గాట్లు కనిపించాయి. ఎక్కడో పడేసి దెబ్బ తగిలించారనుకున్నాను. సేకరించేవాళ్ళు అలాంటివి చూస్తే ముఖం చిట్లిస్తారు. లేత్ మీద రెండు మరలూ కొత్తవి తిప్పాను. నర్లింగ్, అంటే వేళ్ళు జారకుండా తల చుట్టూ సన్నటి గరుకు, ఒకేలా కొట్టాను. పాతవి తుక్కు డబ్బాలో వేశాను. తర్వాత మొత్తం మెరుగుపెట్టే బఫింగ్ చక్రం మీద పెట్టి పాత మరకలన్నీ పోగొట్టాను. మా నాన్న ఉంటే మెచ్చుకునేవాడని కూడా అనుకున్నాను. అంత గర్వం.

పుట్టినరోజున నేనే వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. రేవతమ్మ నాన్న శేషయ్యగారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇంటికొచ్చిన చుట్టాలందరూ బంగారంలా ఉందన్నారు. ఆయన నవ్వుతూ రెండు చేతులూ చాచారు. దుర్బీను తడిమి, అక్కణ్ణుంచి కిందికి వెళ్ళిన వేళ్ళు మరల దగ్గర ఆగిపోయాయి. పై మర, కింది మర, మళ్ళీ పై మర. నవ్వు పోయింది.

"ఇది నాది కాదు" అన్నారు.

"నీదే నాయినా, నంబరు చదవతా విను" అని రేవతమ్మ గబగబా చదివింది.

"నంబరు నువ్వు చదవతావులే తల్లీ. నేను చదువుకునేది ఈడ లేదే" అని నా వైపు తల తిప్పారు. "ఏం నాయనా, నా కింది మరకి మూడు గాట్లుండె గదా?"

"దెబ్బలనుకున్నానయ్యా. మర మార్చేశాను."

"దెబ్బలు కాదప్పా. కన్ను దుర్బీనుకి ఆనించినాక కిందికి చూసేదానికి కాదు. చెయ్యే వెతుక్కోవాల. కొత్తలో ఒకతూరి పై మర అనుకుని కింది మర వదిలేస్తి. పళ్ళెం తిరిగిపోయి దినమంతా కొలిచింది పాడైపోయె. మర్నాడే ఆకురాయి తీసుకుని గాట్లు పెట్టుకుంటి."

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, అదే నా పని. ఆ థియోడలైట్ తీసుకుని, ఇంటికి కూడా వెళ్ళకుండా వర్క్‌షాపుకి పరిగెత్తాను. డబ్బా ఖాళీగా ఉంది. ముందు శనివారమే పాత ఇత్తడి కొనేవాడు వచ్చి పోయాడు. వాడి కొట్టుకి పోతే, "అదంతా అప్పుడే కరగబెట్టేదానికి పోయిందన్నా" అన్నాడు.

వారం తర్వాత కొత్త మరకే ఆకురాయితో మూడు గాట్లు పెట్టి తీసుకెళ్ళాను. శేషయ్యగారు బొటనవేలు ఆనించి, వెంటనే తీసేశారు.

"కోసుకుంటా ఉంది నాయనా. నావి నున్నగా ఉండె. అరగదీసింది ఈ వేలే."

ఆయన నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. "నీ తప్పేం లేదులే. బాగా మెరస్తా ఉందంట గదా. చూసేవాళ్ళకి ఎవరికైనా ఇచ్చేయ్."

గుమ్మం దగ్గర రేవతమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "అడిగింది నేనే గదన్నా" అంది. అడిగింది ఆమే, కానీ ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నది నేను. పాత గాట్లు మూడూ ఒకే ఎడంలో ఉండేవి. పడి తగిలిన దెబ్బలు అంత వరసగా ఉండవని నాకు తెలియాలి. తెలియలేదు. తర్వాత ఒకసారి ఫోను చేస్తే, నాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటున్నాడని చెప్పింది. మరుసటి ఏడు ఆయన పోయారు.

ఇప్పుడు ఏ పరికరం వచ్చినా ముందు దాన్ని వాడిన మనిషి ఎవరని అడుగుతాను. గీత చెరిపేముందు, ఇది ఎవరైనా కావాలని పెట్టుకున్నదా అని అడుగుతాను. తీసిన మర ఎంత పాడైపోయినా గుడ్డలో మూటకట్టి పెట్టెలోనే తిరిగి ఇచ్చేస్తాను. వచ్చినవాళ్ళు చాదస్తం అనుకుంటారు. అనుకోనీ.

ఆయన ఇచ్చేయమన్న ఆ థియోడలైట్ అప్పట్నుంచీ నా బల్ల మీదే ఉంది. సేకరించేవాళ్ళు అడుగుతూనే ఉంటారు, నేను ఇవ్వను. పని లేనప్పుడు కళ్ళు మూసుకుని, ఆ మూడు గాట్ల మీద బొటనవేలితో రుద్దుతూ ఉంటాను. ఇన్నేళ్ళయినా ఇంకా కోసుకుంటూనే ఉన్నాయి.