ఫ్రిజ్జులో పాడే కప్ప

మా కొడుకు ఆ ప్లాస్టిక్ కప్పను తెచ్చి ఫ్రిజ్జులో పెట్టినప్పటి నుంచి ఇంట్లో నాకు మర్యాద లేదు. తలుపు తీస్తే చాలు, పాట ఎత్తుకుంటాది. పాట వినబడితే చాలు, మా కోడలు యాడున్నా "అత్తా, మళ్ళా మామిడిపండా?" అంటాది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం. సుగరు ముదిరి పోయినేడు నా కుడికాలి వేళ్ళు రెండు తీసేసినారు, ఆ పుండు ఇంకా మానలేదు, నిజమే. అట్లని నేను మంచంలో పడుకోని ఉన్నప్పుడు మోగినా నన్నే అడిగితే ఒళ్ళు మండదా? ఈ ఏడాది కొడుక్కీ సుగరని తేలింది. వాణ్ణి మాత్రం ఎవరూ అడగరు. తీపి మానేసినానని ఒట్టేసినాడు కదా, మహానుభావుడు.

మొన్న ఆదివారం మనవరాలు కప్పను పట్టుకొచ్చి, "అవ్వా, నువ్వొచ్చినావని దీనికెట్ల తెలస్తాది?" అనింది. ఆరేండ్ల పిల్ల. అంతా వాళ్ళమ్మ నేర్పిన చదువు. చేతిలో కప్ప పాడతానే ఉండాది. ముందర గదిలోంచి "అత్తా" అని కేక కూడా వచ్చేసింది.

ఇన్నేండ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని, ఊరికే ఉండలేకపోయినాను. "దానికి నువ్వూ తెలీదు, నేనూ తెలీదు. కడుపు మీద నల్లచుక్క ఉండాదే, సూడు. దాని మీద వెలుతురు పడితే లోపల బ్యాటరీ కరెంటుకు దోవ ఇస్తాది, కప్ప పాడతాది. చీకటైతే దోవ మూసేస్తాది. చేలో మడవ తీస్తే నీళ్ళు పారినట్ల."

"మడవంటే?"

తల కొట్టుకున్నాను. చిత్తూరు అపార్టుమెంటులో పుట్టినదానికి మడవ ఏం తెలస్తాది. "సరే, కొళాయి అనుకో. ఈడ తిప్పేది చెయ్యి కాదు, వెలుతురు."

"ఫ్రిజ్జులో ఎప్పుడూ లైటుంటాది కదా?"

"తలుపేస్తే ఆరిపోతాది తల్లీ."

నమ్మలేదు. తలుపు తీసేది, వేసేది, సందులో కన్ను పెట్టి సూసేది. నాకు ఓపిక చచ్చిపోయింది. కప్పను లాక్కుని చుక్క మీద బొటనవేలు అదిమిపెట్టినాను. పాట ఆగిపోయింది. "ఇదీ చీకటి. తెలిసిందా?"

"ఓ, అందుకేనా నాయన నీ కాలికట్టు టేపు దీనికి అంటిస్తాడు?"

"ఎప్పుడే?"

"అన్నం తినేటప్పుడు మజ్జిగ తీస్తా అంటిస్తాడు. ఆమీట మళ్ళా వచ్చి మామిడిపండు తినేసి పీకేస్తాడు. పీకేటప్పుడు పాడతాది. అమ్మ నిన్ను అరుస్తాది."

ముందు కోపమే వచ్చింది. బంగారుపాళ్యం మామిడిపండ్లన్నీ వాడు మింగితే, మాటలన్నీ నేను పడినాను. కోడలి ముందర నిలబెట్టి దులిపేద్దామనే లేచినాను. నాలుగడుగులు వేసేలోపల ఆ కోపం యాడ పోయిందో, భయం పట్టుకునింది. వాడికింకా నలభై నిండలేదు.

సాయంత్రం కట్టు మార్చే వేళకు కోడల్ని వద్దని వాణ్ణి పిలిచినాను. ఆ పని జరిగేటప్పుడు వాడు ఆ పక్కకే రాడు. కింద కూర్చోని కట్టు విప్పినాడు. వేళ్ళు లేని చోటు కనబడగానే మొగం తిప్పుకున్నాడు.

"సూడు నాయనా, బాగా సూడు," అన్నాను.

మెల్లిగా ఇటు తిరిగి సూసి, "నొప్పిగా ఉండాదామ్మా?" అని అడిగినాడు.

"లేదు. పుండు పడినప్పుడూ లేదు. ఉనింటే వేళ్ళు పోకముందే తెలిసుండేది."