ఎర్రబడ్డ చేతులన్నీ

నా చిన్నప్పుడు సిద్దిపేటలో మా ఇంట్లో ఎవరూ కాదనని మాట ఒకటి ఉండేది: తడి ఆరని చిలపను ముట్టుకున్న వాళ్ల చేతులు ఎర్రబడతాయి. మాది మగ్గం ఇల్లు. తాత రంగు బానలోంచి తీసిన చిలపలను, అంటే నూలు కట్టలను, పెరట్లో దండెం మీద ఆరేసేవాడు. ఆ ఎరుపు అరచేతికి అంటితే సబ్బుకు లొంగేది కాదు.

ఒకరోజు పొద్దున ఆరేసిన చిలపల్లో మధ్యాహ్నానికి ఒకటి తగ్గింది. మగ్గం మీద పెళ్లి చీర సగం నేసి ఉంది. ఒక బాన ఎరుపు మరో బాన ఎరుపుతో కలవదు. అంచులో రంగు మారితే ఆ చీరను ఎవరూ తీసుకోరు. బాపు, అంటే మా నాన్న, ఇల్లంతా వెతికాడు.

నేను మాత్రం అందరినీ గమనించసాగాను. మేం ఆపా అని పిలిచే పక్కింటి అక్క మాకు రోజూ కండెలు చుట్టడానికి, అంటే అడ్డంగా నేసే నూలును చిన్న గొట్టాలకు ఎక్కించడానికి వచ్చేది. తండ్రి మంచం పట్టాక వాళ్ల ఇల్లు ఆ కండెల మీదే నడిచేది. ఆ రోజు ఆమె ఓణీని చేతుల మీదికి లాక్కుని కూర్చుంది. నూలు తిప్పుతుంటే ఓణీ జారింది. అరచేతులు ఎర్రగా ఉన్నాయి. నేను పరుగున వెళ్లి నాయనమ్మ చెవిలో ఊదాను.

"చేతులే చెప్తున్నయి గదా," అంది నాయనమ్మ బాపుతో. "రేపటిసంది రావద్దని చెప్పు."

మా వీధిలో అన్నీ మగ్గాల ఇళ్లే. ఒక ఇంట్లో దొంగ అనిపించుకున్న మనిషిని ఇంకో ఇంట్లోకి రానివ్వరు. ఆపాకు ఆ సంగతి తెలుసు. "నేను తియ్యలే" అని మాత్రం అంది. చేతులు ఎందుకు ఎర్రబడ్డాయో చెప్పలేదు. దాంతో నా అనుమానం ఇంకా బలపడింది.

తాత అందరినీ వాకిట్లోకి పిలిచాడు.

"తడి చిలప ముట్టినోళ్ల చేతులు ఎర్రగయితయి. నిజమేనా?"

నిజమే అన్నాం.

"అయితే చేతులు తెల్లగున్నోళ్లు ముట్టలే. ఇది గూడ గదే మాట, ఎనక నుంచి చెప్పిన. తెల్ల చేతులోళ్లు లోపటికి పోన్రి."

అమ్మ, నాయనమ్మ అరచేతులు చూపించి వెళ్లారు. రంగు పని చేసే తాత, బాపులతో పాటు ఆపా మిగిలింది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని అమ్మ వెంట నడిచాను.

"నువ్వాగు బిడ్డా."

ఆ పొద్దున్నే బడి వెనక పొదల్లో బ్రహ్మజెముడు పండ్లు కోసుకుని తిన్నాను. వేళ్ల సందుల దాకా ఎరుపే. అది పండ్ల రంగని నాకు తెలుసు కాబట్టి, తాత తెల్ల చేతుల మాట ఎత్తేదాకా నా చేతులు నాకు ఎర్రగా కనిపించనేలేదు.

"దొంగ దొరికింది," అన్నాడు తాత నవ్వకుండా.

"నేను కాదు తాతా, పండ్లు తిన్న," అని ఏడ్చాను.

"మరి చేతులు ఎర్రగున్నయి గదనే. మేకలన్నీ ఆకులు తింటయి. ఆకులు తినేటియన్నీ మేకలయితయా? మీ నాయనమ్మ పొద్దున తోటకూర తిన్నది. గుంజకు కట్టేద్దామా?"

"మధ్యల నన్నెందుకు తెస్తవయ్యా," అంది లోపలి నుంచి నాయనమ్మ.

ముట్టిన చేతులన్నీ ఎర్రబడతాయన్న మాట తెల్ల చేతులను విడిపించగలదు. కానీ ఎర్ర చేతులను పట్టివ్వలేదు. చాలా ఏళ్ల తర్వాత తర్కశాస్త్రం పుస్తకంలో ఇదే పాఠం చదివినప్పుడు నాకు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది.

ఆపా చేతుల సంగతి తాత అడగలేదు. నేను అడగబోతే, "తప్పు చేసినట్టు తేలని మనిషి నీకు జవాబెందుకు చెప్పాలె?" అన్నాడు. బాపు అంచు విప్పి, కొత్త బాన ఎరుపుతో మొదటి నుంచి నేశాడు. ఆ చిలప చివరికి దొరకనేలేదు.

ఆపా మా ఇంట్లో పనిలోనే కొనసాగింది. కానీ నా అనుమానం అంత తొందరగా పోలేదు. చాలా రోజులు ఆమె రాగానే నా చూపు ముందు చేతుల మీదికే పోయేది. ఆమె అది కనిపెట్టింది. ఆ తర్వాత రోజూ పనికి కూర్చునే ముందు రెండు అరచేతులూ నా ముందు చాపి, నేను చూశాకే నూలు అందుకునేది. వద్దు ఆపా అని నేను ఒక్కరోజూ అనలేదు.

ఇప్పుడు నా డైరీలో ఎవరి మీదైనా అనుమానం రాయవలసి వస్తే, ముట్టిన చేతులన్నీ ఎర్రబడతాయన్న దాన్ని ఎర్రబడ్డ చేతులన్నీ ముట్టినవేనని తిప్పినట్టు, ఆ వాక్యాన్ని కిందనే తిరగేసి రాసి చూస్తాను. రెండూ ఒకటి కాదని తేలితే ఆ మనిషి పేరు కొట్టేస్తాను. కొట్టేసిన పేర్లే ఎక్కువ.