ఇంతియాజ్ రెండో వాక్యం

ఇంతియాజ్ ఇంటరుతో చదువు ఆపేశాడు. అతని గురించి చెప్పమంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఈ సంగతే. నేను డిగ్రీ పాసయ్యాను. పాత పుస్తకాలు కొనుక్కుని, ఎవరి సాయమూ లేకుండా కోడు రాయడం నేర్చుకున్నాను. అయినా మా సాఫ్టువేరు మాటెత్తితే అందరూ తలచుకునేది అతన్నే.

నంద్యాలలో ఒక ఇరుకు సందులో అతని అంగడి. తండ్రి కరీముల్లా పుస్తకాలకు అట్టలు వేస్తాడు. కొడుకు ఆ పక్కనే కంప్యూటరు ముందు కూర్చుని పెండ్లిపత్రికలు కంపోజు చేస్తాడు. ప్రెస్సుల్లో వాడే పాత అక్షరాలు ఫోనులో తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. వాటిని ఫోను చదవగలిగే తెలుగుగా మార్చే సాఫ్టువేరు మొదలుపెట్టింది నేను. దాని కోడంతా అందరికీ తెరిచి పెట్టాను. ఎవరైనా చూడవచ్చు, దిద్ది పంపవచ్చు. ఆ దిద్దుబాటును కలపాలా వద్దా అన్నది మాత్రం కలిపే అధికారం ఉన్నవాళ్ల ఇష్టం. ఆ అధికారాన్నే మేము తాళంచెవి అంటాం. మొదట అది నా ఒక్కడి దగ్గరే ఉండేది.

ఇంతియాజ్‌ను పిలుచుకొచ్చిందీ నేనే. అప్పటికి లక్ష్మి అన్న పేరు మా సాఫ్టువేరులో ప్రతిసారీ విరిగిపోయేది. నెల రోజులు పుస్తకాలు తిరగేశాను. అతను వచ్చి, టీ తాగుతూ ఒక్కసారి చూసి, "ఏందప్పా ఇది? ఆ వత్తును ప్రెస్సోళ్లు ముందే కొడతారు. నువ్వు ఎనక ఎతుకుతాండావు" అన్నాడు. పదేండ్లు పెండ్లిపత్రికలు కొట్టిన వేళ్లకు తెలిసింది నా పుస్తకాలకు తెలియలేదు. ఆ రోజు నేనూ నవ్వి, అతనికీ తాళంచెవి ఇచ్చాను. ఆ నవ్వు ఇప్పటికీ దవడలో నొప్పిగా ఉంది.

రెండేండ్లలో నలభై మంది చేరారు. వాళ్లతో గొడవలూ వచ్చాయి. గడివేములలో టీచరుగా పనిచేసే ప్రసన్నకుమారి నాకు ఫోను చేసి, "కట్టుబాట్లు లేకుంటే ఇది నిలబడదు ప్రేమ్ సాగర్. నీకు రాత బాగొస్తాది, నువ్వే రాయి" అంది. రాశాను. ఎవరినీ కించపరచరాదు. ఫిర్యాదు వస్తే ఇద్దరు పెద్దలు విచారించాలి. ఆ ఇద్దరిలో ఒకరి మీదే వస్తే, ఆ మనిషి తప్పుకుని తన చోట ఇంకొకరిని కూర్చోబెట్టాలి. తప్పుడు ఫిర్యాదు పెట్టినవాళ్లకు మూడు నెలలు తాళంచెవి ఉండదు. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని, ప్రసన్నకుమారినీ ఇంతియాజ్‌నూ పెద్దలుగా ఎన్నుకున్నారు.

ఆ వారమే మిడుతూరులో జిరాక్స్ అంగడి నడిపే అమృత ఒక దిద్దుబాటు పంపింది. దాని కింద ఇంతియాజ్ రెండు వాక్యాలు రాశాడు. "ఇది పనికిరాదు, తిరిగి రాసుకోని రా. రేపు అంగడికొస్తే ఇద్దరం కూర్చోని చేద్దాం." ఆమె వచ్చింది. ఇద్దరూ కూర్చుని చేశారు. ఆమె పని సాఫ్టువేరులో కలిసింది.

నేను మొదటి వాక్యాన్ని మాత్రం కోసి, "కొత్తవాళ్లను అవమానిస్తున్నాడు, తాళంచెవి తీసేయాలి" అని పేరు లేకుండా ఫిర్యాదు పెట్టాను. వందల మాటల మధ్య అసలు మాట ఎవరు వెతుకుతారులే అనుకున్నాను.

రెండో రోజు ఇంతియాజ్ ఫోను చేశాడు.

"యాడుండావప్పా?"

"ఆళ్లగడ్డలోనే. ఏంది?"

"నా మీద ఎవుడో ఫిర్యాదు పెట్టినాడంట. నేను తప్పుకోవల్ల గదా. నా చోట నీ పేరు ఇచ్చినా."

"నేనెందుకు? నీ దోస్తులు లేరా?"

"దోస్తులైతే నన్ను కాపాడతారు. నువ్వు మొగం మీదనే తిట్టే రకం. నువ్వు చెప్తే ఎవురూ నోరెత్తరు."

"తాళంచెవి పోతేనో?"

"పోతే పోనీ. పెండ్లిపత్రికలు యాడికీ పోవు గదా." తర్వాత గొంతు తగ్గించి, "పోకుంటే బాగుండులే" అని ఫోను పెట్టేశాడు.

ప్రసన్నకుమారి ఫిర్యాదు పంపి, నా మాట అడిగింది. "నిజమే, తీసేయండి" అని టైపు చేశాను. వేలు అక్కడే ఆగింది. నీతి అడ్డొచ్చి కాదు. నేను పక్షపాతం లేనివాణ్ని అని అతను నమ్మాడు. నన్ను అంత నమ్మగలగడంలో కూడా అతనే నాకంటే పెద్దవాడయ్యాడు. అది మింగుడు పడలేదు. రాసింది చెరిపేసి, అందరూ చదివేచోటే పెట్టాను: "విచారించడానికి నేను తగను. ఈ ఫిర్యాదు రాసింది నేనే. రెండో వాక్యాన్ని కావాలనే కోసేశాను."

సాయంత్రం మళ్లీ ఇంతియాజ్ ఫోను. క్షమిస్తాడనుకున్నాను. ఆ క్షమ నాకక్కర్లేదని చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"నువ్వు రాసిన కట్టుబాటే గదప్పా. మూడు నెలలు" అన్నాడు.

"కోపంగా ఉందా?"

"ఉండదా మరి?"

ఇప్పుడు నా దిద్దుబాట్లు కూడా అతని దగ్గరికే పోవాలి. నేను మొదలుపెట్టిన సాఫ్టువేరులోకి, అతను సరేనంటేనే. నిన్న మొదటిది పంపాను. పొద్దున జవాబు వచ్చింది. "ఇది పనికిరాదు, తిరిగి రాసుకోని రా."

రెండో వాక్యం ఉందేమోనని కిందికి చూశాను. లేదు.

పంటి బిగువున నా కోడు మళ్లీ తెరిచాను. అతను చెప్పింది నిజమే. వత్తును నేను మళ్లీ వెనకే వెతుకుతున్నాను.