కాళ్లు కడుక్కోమన్న మాస్టారు

మొన్న పొద్దున్నే తెనాలి నుంచి ఫోను. మా ఫిజియోథెరపీ మాస్టారు పోయారని ఆయన భార్య చెప్పింది. గుండెపోటట. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు. నా బీపీకే లేని తొందర ఆయన గుండెకెందుకో.

ఆయన సంగతి చెప్పాలంటే నా ఎడమ పాదం సంగతి చెప్పాలి. రేపల్లెలో బస్సు దిగుతూ పడ్డాను. ఎముక అతుక్కుంది గానీ, పాదాన్ని పైకి లేపే నరం మాత్రం చచ్చిపోయింది. అడుగు తీస్తే పాదం వేలాడేది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. పొన్నూరు బస్టాండులో ఒకటి, మా బాపట్ల స్టేషన్లో ఒకటి వదిలేశాను. గడప తగిలి రెండుసార్లు బోర్లా పడ్డాను. మూడోసారి తుంటి విరిగితే ఇక మంచమేనని సర్జన్ గారు తేల్చేశారు. పాదాన్ని లోపలికి తిప్పే, తాడులాంటి టెండన్‌ను విడదీసి, ముందుకు తెచ్చి, పాదం మీద కుట్టారు. ఇక పాదాన్ని లేపాల్సింది అదే. కట్టు విప్పాక ఆ కొత్త ఉద్యోగం దానికి నేర్పే పని మాస్టారిది.

పాదాన్ని లోపలికి తిప్పుతున్నాననుకుంటే పైకి లేస్తుందనేవారు. ముప్ఫై రెండేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, అదెలాగో నిరూపించమన్నాను. ఆయన జేబులోంచి ప్లాస్టిక్ కోణమానిని తీసేవారు. మగవాళ్లు దువ్వెన పెట్టుకునే చోట ఆయనకదుండేది. దువ్వెనతో ఆయనకు పని లేదు లెండి. పాదం లేచిన కోణం కొలిచి నోట్‌బుక్కులో రాసేవారు. ఒకరోజు మూడు డిగ్రీలని రాస్తే పెన్ను లాక్కుని సున్నా వేశాను. జాలితో మార్కులేసే మాస్టర్లంటే నాకు మొదటినుంచీ పడదు.

"మీ స్కూల్లో పిల్లలెలా బతికారండి," అన్నారాయన.

మూడు వారాలైనా సున్నా కదల్లేదు. నాకు లోపల బెంగ పట్టుకుంది. తొడతో కాలంతా ఎగరేసి, పాదమే లేచినట్టు నటించాను. ఆయన మోకాలి మీద చెయ్యి వేసి పట్టేశారు.

"మేడమ్, కాపీ కొడుతున్నారు."

జీవితంలో మొదటిసారి తల దించుకున్నాను.

మర్నాడు ఆయన నన్ను వాళ్లింటి పెరట్లో కుళాయి దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. చిన్నప్పుడు పొలం నుంచి వచ్చి కాళ్లెలా కడుక్కునేవారని అడిగితే, నీళ్లతో అన్నాను. ఆయన పూలకుండీలోంచి బురద తీసి నా కుడి చీలమండకు పూసి, చెంబుతో నీళ్లు పోశారు. నా ఎడమ అరికాలు, నన్నడక్కుండానే, ఆ బురద రుద్దడానికి వెళ్లింది. నీళ్లు ఆగిపోయాయి. ఎందుకాపారని చూస్తే ఆయన చూపంతా నా పాదం మీదే. అది లేచింది.

"కాలికి పాఠం చెప్పకూడదండి, పని చెప్పాలి," అన్నారు. కొలిచి ఏడు డిగ్రీలన్నారు. నేను చూస్తే ఆరే. ఆరే రాయించాను. ఇద్దరికీ కళ్లు తడిగా ఉండటం వల్ల ఎవరి లెక్కనూ పూర్తిగా నమ్మలేం.

మూడో రోజున తెనాలి వెళ్లాను. వసారాలో బంధువుల మధ్య ఒకతను బిక్కమొహంతో కూర్చున్నాడు. అడవులదీవి నుంచి వచ్చాడట. నాలాంటి ఆపరేషనే, కట్టు విప్పి నాలుగు రోజులైంది. మొదటి పాఠానికి వస్తే ఇంటి ముందు జనం కనిపించారు.

"ఇక నాకెవరు నేర్పుతారమ్మా?" అన్నాడు.

సర్జన్ గారినడిగితే ఇంకొకరిని చూపిస్తారని చెప్పాను. అయినా అతను లేవలేదు. ఏం పని చేస్తావు బాబూ అంటే సముద్రంలో చేపల వేటకెళ్తానన్నాడు.

"ఒడ్డు నుంచి వచ్చాక ఇసక ఎలా వదిలించుకుంటావు?"

"ఏముందమ్మా, కాలికి కాలు రుద్దుకుంటా."

కుర్చీ కుళాయి దగ్గర వేయించాను. చావింట్లో ఇదేం చోద్యమని ఎవరో గొణిగారు. మాస్టారి భార్యకు మాత్రం చెప్పక్కర్లేకపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, గుప్పెడు ఇసక అతని బాగున్న కాలి మీద చల్లి, నీళ్లు పోయడం మొదలుపెట్టింది. అతని పాదం ఇంకా వేలాడుతూనే ఉంది. గొణిగినావిడతో సహా అందరం వంగి, ఆ బొటనవేలి వంకే చూస్తున్నాం.