మంచం కింద చూసిన మనిషి

మా బావ రాజలింగం గారు ఇక లేరు. ఈ మాట నా నోట వింటే ఒక్కరూ నమ్మలేదు. తెల్లారుతుండగా అక్క ఫోన్ చేసి ఏడ్చింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. బంధువులకు చెబుదామని ఫోన్లు కలిపితే మా మేనమామ, "పొద్దుగాలనే నీ మజాకులు షురూ చేసినవా" అని కసిరి పెట్టేశాడు. చిన్నాన్న నన్ను లైన్లోనే ఉంచి, ఇంకో ఫోన్‌తో అక్కను అడిగి, నిజమని తేలాక అప్పుడు ఏడ్చాడు. ఇన్నేళ్లుగా నేను కష్టపడి సంపాదించుకున్న పరపతి అది. ఒకరకంగా బావకు తగిన వీడ్కోలే. ఎదుటివాళ్ల మాటను పరీక్షించడమే వృత్తిగా బతికిన మనిషి మరణవార్త కూడా పరీక్షకు నిలిచాకే బయటికి వెళ్లింది.

పద్మారావు నగర్‌లోని ఆయన మిత్రులు సంస్మరణ సభకు చిన్న సంచిక వేస్తూ నన్ను రాయమన్నారు. నేను చిలకలగూడలో స్కూటర్ మెకానిక్‌ని. చదువు ఏడో తరగతితో సరి. దివంగతులు, చిరస్మరణీయులు, తీరని లోటు వంటి మాటలు అచ్చులో చూశానే గానీ చేత్తో ఎన్నడూ వాడలేదు. బావ కోసం వాడతాను.

పేదల వైద్యానికి సర్కారు డబ్బు కట్టే పథకంలో ఆయన కొలువు. ఆసుపత్రి వాళ్లు ఫలానా రోగికి ఫలానా ఆపరేషన్ కావాలని కాగితాలు, ఫోటో పంపుతారు. పై ఆఫీసు డాక్టర్లు సరేనంటే ఆపరేషన్. ఆ రోగి నిజంగా ఉన్నాడా, ఆ రోగం నిజంగా ఉందా అని చెప్పకుండా వెళ్లి చూసి రావడం బావ పని. వార్డులోకి వెళ్లగానే ఆయన రోగి ముఖం చూసేవాడు కాదు, వంగి మంచం కింద చూసేవాడు. నిజంగా చేరిన మనిషికి కింద చెప్పులుంటాయి, ఫ్లాస్కు ఉంటుంది, తుడుచుకునే తువ్వాలు, ఇంటి నుంచి వచ్చిన టిఫిన్ డబ్బా ఉంటాయి. ఫోటో కోసం పడుకోబెట్టిన మనిషికి కింద నున్నటి బండలే. "మంచం మీద మనిషిని ఎవడన్న పండబెడ్తడు. కింద సంసారం పెట్టుడు మర్చిపోతరు" అనేవాడు.

ఆ శీలసంపద ఇంటివాళ్లకు మాత్రం భరించరానిది. ఒక పెళ్లిలో ఏదో ఆసుపత్రి మేనేజరు ఈయనను గుర్తుపట్టి, విస్తట్లో రెండో లడ్డూ వేయించాడు. బావ విస్తరి వదిలేసి లేచి, వేరే వరసలో కూర్చుని మళ్లీ పప్పు నుంచి మొదలుపెట్టాడు. అక్క తలెత్తలేకపోయింది. "లడ్డూలో ఏముంది బావా" అన్నాను. "ఏం లేకుంటే ఎందుకేసిండు" అన్నాడు.

ఇక నా కథ. పోయిన వానాకాలం మా ఆవిడ సుజాతకు గుండెలో మంట, నొప్పి. ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఈసీజీ తీసి, తేడా ఉంది, స్టెంటు పడక తప్పదు అన్నారు. పథకం కార్డు ఉంది కదా, మీకు రూపాయి ఖర్చు లేదని అక్కడి మేనేజరు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఫోటో కూడా తీశారు. నేను సంబరంగా బావకు ఫోన్ చేశాను, పని త్వరగా అయ్యేలా చూడమని.

"ఎవరు చెప్పిండ్రు స్టెంటని?"

"డాక్టరే బావా."

"ఆ ఈసీజీ నువ్వు చూసినవా?"

"నేను చూస్తే ఏం సమజైతది? కార్బురేటర్ అయితే సమజైతది."

"మరి నీ దగ్గరికి బండి వస్తే, ఇప్పి చూడకుండనే కార్బురేటర్ మారుస్తవా?"

"గిరాకీ అమాయకుడైతే మారుస్త."

"అగో. గదే నేను సుత అంటున్న."

చుట్టాల కాగితాలు తాను ముట్టనని, వేరేవాళ్లకు అప్పగిస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాడు. రోజులు గడిచినా పై నుంచి అనుమతి రాలేదు. "మీ ఇంటి మనిషే అడ్డం పడ్డట్టున్నడు" అని మేనేజరు నా చెవిలో ఊదాడు. ఇక నా బుర్ర ఊరుకుంటుందా? బావకు మా మీద కోపమేమో, ఆ ఆసుపత్రికీ ఆయనకూ ఏదో లెక్క తేలలేదేమో అని రకరకాలుగా పోయింది. సుజాతకేమన్నా అయితే నా ఇల్లు ఆగిపోతుంది. ఆవేశంగా పద్మారావు నగర్ వెళ్లి, "నీ సొంత చెల్లెలైతే గిట్లనే ఆపుతుంటివా" అని అడిగేశాను.

బావ లేచి చొక్కా వేసుకుని, అక్కను ఆటోలో రమ్మని, తాను నా స్కూటర్ వెనక ఎక్కాడు. మా ఇంటికి రాగానే, "జెర పాల పాకెట్ తీస్కరా పో" అని నన్ను బయటికి తోలాడు. ఇంట్లో పాలున్నాయి. ఎందుకు తోలాడా అని ఆ దారంతా అనుమానమే. తిరిగొచ్చేసరికి సుజాత, అక్క, ఆయన మాట్లాడుకుంటున్నారు. "రేపు పొద్దుగాల సర్కారు దవాఖానకు పోదాం" అన్నాడు.

అక్కడ వరసలో బావ కూడా మాతో నిలబడ్డాడు. తన కొలువు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక పెద్ద డాక్టరమ్మ సుజాతను నడిచే మిషను మీద నడిపించింది. మా ఆవిడ నాకంటే బాగా నడిచింది. గుండెకు ఏమీ లేదు, కడుపులో పులుపు పైకి తన్నుతోందని మందులిచ్చి, వేళకు తినమన్నారు. మంట తగ్గింది. సుజాత మళ్లీ కుట్టుమిషను ఎక్కింది.

బావ ఆ ఆసుపత్రి మీద పైకి రాసి పంపాడు. దాని బోర్డు మాత్రం ఇప్పటికీ వెలుగుతూనే ఉంది. కొన్నాళ్లకు ఆయనను తనిఖీల నుంచి తప్పించి ఆఫీసులో కుర్చీ వేశారు. ఎందుకని ఎవరూ చెప్పలేదు. నాకు అనుమానం ఉంది, రుజువు లేదు. "రుజువు లేంది మాట్లాడకు" అని ఆయనే నా నోరు మూయించాడు. కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి మనిషి మెల్లగా తగ్గిపోయాడు.

ఏ మంచం కింద ఏముందో చూడటానికి ఇప్పుడు ఎవరు వంగుతారు? ఆ మహనీయుని కొలువులో ఇంకొకరిని కూర్చోబెడతారు, ఆ చూపు ఎక్కడి నుంచి తెస్తారు? ఆయన స్మృతికి ఈ మసి చేతులతోనే నమస్కరిస్తున్నాను. జీవితమంతా అందరినీ అనుమానించి, ఒక్క మనిషినీ నమ్మకుండా వెళ్లిపోయిన ధన్యజీవి మా బావ.

ఇక్కడిదాకా రాసి, బాగా కుదిరిందన్న గర్వంతో సుజాతకు చదివి వినిపించాను. ఆమె కుట్టు ఆపి నా వైపు చూసింది.

"ఆఖరి మాట తప్పు రాసినవ్. నిన్ను పాలకు తోలి, నొప్పి మెట్లెక్కితే వస్తదా, తిన్నంక వస్తదా అని నన్ను కూసోబెట్టి అడిగింది అన్న ఒక్కడే. నేను చెప్పింది నమ్మిండు. నువ్వు సుత డాక్టర్‌నే అడిగినవ్, నన్ను అడగలె."