ఆగాల్సిన దెబ్బ

మా పెద్దబాపు పోయాడని మొన్న శుక్రవారం పొద్దున ఆఫీసు క్యాబులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. చేవెళ్లలో ఎక్కి అప్పుడే మొయినాబాద్ చేరాను. అక్కడే దిగి ఊరికి ఆటో పట్టుకున్నాను. దారిపొడుగునా చెవుల్లో ఇయర్‌ఫోన్లు అట్లాగే ఉన్నాయి, తీయాలని కూడా తోచలేదు.

మా నాన్నకు అన్న ఆయన. ఊళ్లో పెళ్లికైనా చావుకైనా డప్పు ఆయనదే. నాకు లయంటూ ఉంటే అది ఆయన పెట్టిందే. గడ్డిమంట మీద డప్పు వేడెక్కిస్తూ, వేలితో తట్టి చూసి, "ఇంక కాలేదురా, జర ఆగు" అనేవాడు. నాకేమో ఒకచోట కాలు నిలిచేది కాదు.

"కొట్టుడు అందరికొస్తది. ఆపుడు నేర్సుకో" అని తిట్టేవాడు.

ఆయన దగ్గర ఒక దెబ్బ ఉండేది. శవాన్ని తీసుకుపోతూ సగం దారిలో పాడె దించుతారు కదా, దింపుడు కల్లం. ప్రాణం మళ్లొస్తుందేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పాడె నేలకు తాకేదాకా ఆ దెబ్బ కొట్టి, టక్కున ఆపేవాడు. ఇటో అటో తెలియని ఆ కాసేపు నేను పాడెనే చూస్తుండేవాణ్ని. మళ్లీ డప్పు మోగితేనే పాడె లేస్తుంది.

నేనేం చేశానో మీకు చెప్పాలి. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుంటాను, శని ఆదివారాలు మా ఊరి పక్కన లేచిన రిసార్టులో డీజే. ఆ దెబ్బనే ఫోన్లో రికార్డు చేసి, ఆగకుండా తిరిగేలా మిక్స్ కట్టాను. జనం పిచ్చెక్కి ఎగిరారు. ఆ రోజు వచ్చేవాళ్లకు గేటు దగ్గర డప్పు కొట్టడానికి పెద్దబాపునే పెట్టారు. లోపలికి రానివ్వరు, ఇంటికి పోనివ్వరు. అక్కడ నిలబడే విన్నాడు.

"గది ఎవని దెబ్బరా?"

"నీదే పెద్దబాపు. మస్తు హిట్టయింది!"

"ఆగేటందుకు కొట్టేదాన్ని ఆగనియ్యకుంట తిప్పుతున్నవు. ఇంతమందిని దింపుడు కల్లం కాడనే నిలవెట్టినవు గదరా! ఎప్పుడు లేపుతవు?"

నవ్వాను. తీసేస్తానన్నాను. తీయలేదు, రిసార్టు కంప్యూటర్లోనే వదిలేశాను. సిగ్గుగా ఉంది.

శనివారం మధ్యాహ్నం ఆయన పాడె ముందు నేనే డప్పు కొట్టాను. దింపుడు కల్లం జాగా ఇప్పుడు ఆ రిసార్టు గోడను ఆనుకుని ఉంది. పాడె దించారు. దెబ్బ ఆపాను, ఆయన నేర్పినట్టే. ఆయన కొడుకు, మా అన్న, వంగి "బాపూ" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. మూడోసారి పిలుస్తుండగా గోడ అవతల స్పీకర్లు మొదలయ్యాయి. నా మిక్సే. ఆయన చెయ్యే.

"బాపు కొడ్తుండురా!" అన్నాడు అన్న, పాడె మీది మొహంలోకి ఆశగా చూస్తూ.

మోసేవాళ్లు కట్టెల మీద చేతులు వేసి, లేపాలా వద్దా అని వంగిన నడుములతో నా వైపే చూస్తున్నారు.