మా ఆయన గొంతు, మా నవ్వులు

మా ఆయన గొంతులో తేడా వచ్చిన రోజు మేమంతా నవ్వాం.

సాయంత్రం టీ వేళ. కోల్‌కతాకి కొంత దూరంలో ఉన్న ఈ రైల్వే ఊళ్ళో, పూరీ గేట్ దగ్గర మా ఇంటి అరుగు మీద మా ఆయన, మంగళ్ దాదా కూర్చున్నారు. మంగళ్ దాదా సంతాలీ ఆదివాసి; దాదా అంటే ఇక్కడ అన్న. ఇద్దరూ రైల్వే వర్క్‌షాపులో పక్కపక్కన ఫిట్టర్లుగా పనిచేసి ఒకే ఏడాది రిటైరయ్యారు. మంగళ్ దాదా ఫోర్‌మన్ ముందు నిలబడి సెలవు అడిగే తీరును ఆయన ఎదురుగానే మా ఆయన అనుకరిస్తున్నారు. నేను వందసార్లు విన్నదే. మధ్యలో గొంతు కీచుమని ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అది కూడా జోకే అనుకుని నవ్వాను. మంగళ్ దాదా కూడా నవ్వారు.

మా ఆయన నీళ్ళు తాగి, "ఏటో అడ్డం పడినాది," అన్నారు. గొంతు బొంగురుగా వచ్చింది. ఆ బొంగురు ఇక పోలేదు.

అంతకు నెల ముందు జరిగింది చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. మా అబ్బాయి ఉద్యోగం వేరే ఊళ్ళో. వాడి కూతురు శిరీష మా దగ్గరే ఉండి కాలేజీలో చదువుతోంది. మంగళ్ దాదా మనవరాలు సుమి దానికి క్లాస్‌మేట్. ఒక మధ్యాహ్నం సుమి మా ఇంటికి భోజనానికి వచ్చింది. వర్షం మబ్బు పట్టి గదంతా చీకటిగా ఉంది. గరిటె పట్టుకుని మా ఆయన హిందీలో, "సుమి ఎక్కడుంది? కనపడటం లేదు. కొంచెం నవ్వమ్మా, పళ్ళు చూసి కూర వేస్తాను," అన్నారు. నేను పెద్దగా నవ్వాను. సుమి కూడా నవ్వింది కాని పెదాలు విప్పలేదు. అన్నం అంతా తిని, కంచం కడిగిపెట్టి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

"తాతా, సుమికి సారీ చెప్పు," అంది శిరీష ఆ సాయంత్రం.

"సారీ ఏటే? ఆళ్ళ తాతని ఇన్నేళ్ళూ బొగ్గు అంతన్నాను. తెలుగోడినని ఆడు నన్ను చింతపండు తెలింగా అంతాడు. అలగ నవ్వుకునే కలిసి బతికినాం. మా మజాక్ మీకేటి తెలుసు?"

"సుమి నీతో వర్క్‌షాపులో పనిచెయ్యలేదు కదా తాతా."

"ఒగ్గీవే, పెద్దోల మాట," అన్నాను నేను.

సారీ చెప్పేవరకు మాట్లాడనని శిరీష తాతతో మాటలు మానేసింది. ఒకే ఇంట్లో, ఒకే వంట తింటూ.

బొంగురు మొదలయ్యాక మిరియాల పాలు, అల్లం రసం, దగ్గు సిరప్ అన్నీ ఇచ్చాను. నెల దాటాక శిరీష నాతో, "మామ్మా, తాతని ఈఎన్‌టీకి చూపించు. అది జలుబు కాదు," అంది. ఆయనకు చెప్పాను. "ముందు నాతో మాటాడమను. అప్పుడెల్తాను," అన్నారు. దానికి చెప్పాను. "ముందు సుమికి సారీ చెప్పమను," అంది. ఆ గదికీ ఈ గదికీ మాటలు మోస్తూ ఇంకో మూడు నెలలు గడిపాను. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ఉండాల్సింది. మనవరాలి మొండితనం ముందు మా ఆయన ఎందుకు తగ్గాలి అని నేనూ అనుకున్నాను. ఈ రోజుకీ నన్ను పొడిచేది అదే.

ఒక పొద్దున ఆయన ఉమ్మిలో రక్తం కనిపించింది. శిరీష కాలేజీ సంచి కింద పెట్టి, బయటికి వెళ్ళి, టోటో, అంటే బ్యాటరీ రిక్షా, తెచ్చి గుమ్మం ముందు ఆపింది. ఆయన చొక్కా తెచ్చి నా చేతికిచ్చింది. ఆయన అది తొడుక్కుని ఎక్కి కూర్చున్నారు. ఆసుపత్రిలో లైన్లో నిలబడింది, చీటీ రాయించింది, ఫైలు పట్టుకుంది. అన్నీ చేసింది. మాట ఒక్కటే లేదు.

ముక్కులోంచి సన్నని గొట్టంలాంటి కెమెరా పంపి చూశారు. దాన్ని ఎండోస్కోపీ అన్నారు. తర్వాత బయాప్సీ, సీటీ స్కాన్. రిపోర్టులు చూసి కోల్‌కతా పంపించారు. అక్కడి పెద్ద డాక్టరు నిదానంగా చెప్పారు. "వోకల్ కార్డ్ కదలడం లేదు. క్యాన్సర్ కార్టిలేజ్‌లోకి పాకింది. టోటల్ లారింజెక్టమీ చెయ్యాలి, అంటే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. ప్రాణం దక్కుతుంది, మాట పోతుంది."

"ముందే వచ్చి ఉంటే?" అని శిరీష అడిగింది.

"మూడు నాలుగు నెలల ముందైతే రేడియేషన్‌తోనే సరిపోయేదేమో. ఇప్పుడు అది ఆలోచించకండి," అన్నారు.

నేను ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆపరేషన్ ముందు రోజు స్పీచ్ థెరపిస్టు అమ్మాయి వచ్చి, "దాదు గొంతు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇంట్లోవాళ్ళతో ఏం చెప్పాలనుకుంటే అది చెప్పనివ్వండి," అంది. దాదు అంటే బెంగాలీలో తాత. శిరీష తన ఫోన్ నాకిచ్చి, ఎర్ర చుక్క నొక్కమని చూపించి, బయట వరండాలో నిలబడింది. ఏ మాట కోసం నిలబడిందో నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

చుక్క నొక్కాను. ఆయన దగ్గారు. గోడవైపు చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఏడవడం నేను చూడలేదు. చూడలేక, "మావా, మంగళ్ దాదా సెలవడిగిన కత సెప్పు," అన్నాను.

ఆయన మొహం తేలికపడింది. మొదలుపెట్టారు. మంగళ్ దాదా అయ్యాక బెంగాలీ హెడ్‌క్లర్కు బడాబాబు, ఆ తర్వాత బీహారీ హ్యామర్‌మన్. చిరిగిన గొంతుతోనే అందరి యాసలూ పట్టారు. నేను నవ్వుతూ, ఇంకోటి, ఇంకోటి అన్నాను. పదకొండు నిమిషాలు అయ్యాక సిస్టర్ వచ్చి ఇంక చాలంది. ఆయన ఏదో చెప్పబోయి నోరు తెరిచారు. అప్పటికే నేను ఫోన్ ఆపేశాను.

శిరీష వరండాలో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విన్నది. ఫోన్ సంచిలో వేసుకుని మంచినీళ్ళ సీసా నింపడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు గొంతు తీసేశారు. మెడ కింద రంధ్రం పెట్టారు, స్టోమా అంటారు. ఊపిరి అందులోంచే. తిండి ముక్కులో వేసిన రైల్స్ ట్యూబ్ ద్వారా. పన్నెండో రోజున కుట్ల దగ్గర ఉమ్మి కారింది. "ఫిస్టులా. భయపడొద్దు, మానుతుంది, కాని రేడియేషన్ వెనక్కి జరుగుతుంది," అన్నారు. మానడానికి నెల పట్టింది. ఆ తర్వాత ఆరు వారాల రేడియేషన్. మెడ చర్మం కమిలిపోయింది.

ఆ రోజులన్నీ శిరీషవే. కఫం లాగే సక్షన్ ఎలా చెయ్యాలో సిస్టర్ దగ్గర నేర్చుకుంది. స్టోమా చుట్టూ తుడిచేది, ట్యూబు కడిగేది, తడి గుడ్డ మార్చేది. ఆయన దగ్గితే కఫం దాని చేతుల మీద పడేది. ముఖం చిట్లించేది కాదు. ఆయన ఒకసారి దాని మణికట్టు పట్టుకున్నారు. అది పట్టు విడిపించుకోలేదు, తలెత్తీ చూడలేదు. రెండో చేత్తో పని పూర్తిచేసింది.

ఆయన పలక మీద తెలుగులో రాసేవారు. నాకు చదువు రాదు. నీళ్ళు అని రాస్తే దుప్పటి తెచ్చాను. ఆయన పలక మంచం మీద కొట్టారు. ఆ సాయంత్రం శిరీష ఇంకో పలక తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అరవై మూడేళ్ళకి అ, ఆ దిద్దాను. రేడియేషన్ అయ్యేసరికి ఒత్తులు తప్ప కూడబలుక్కోగలిగాను.

రైల్స్ ట్యూబ్ తీశాక, నడవగలిగాక, ఒక ఆదివారం ఆయన పలక మీద రాసి శిరీషకు చూపించారు. అది చదివి, పలక తిప్పి నాకిచ్చింది. "నాకు కాదు ఇది. నేను రాను. మీరిద్దరూ వెళ్ళండి," అని నాతో అంది.

నిమ్‌పురాలో మంగళ్ దాదా ఇంటికి వెళ్ళాం. సుమి గుమ్మంలో ఉంది. ఆయన పలక చాపారు. సుమికి తెలుగు అక్షరాలు రావు. నేనే చదవాలి. వేలు పెట్టి ఒక్కో అక్షరం పట్టుకున్నాను: "సుమీ, నిను అన మాట తపు. మీ తాతని అనవీ తపే." ఒత్తులు మింగేశాను. తర్వాత బెంగాలీలో చెప్పాను. చెప్పి, పలక మీద లేని మాట, "ఆ రోజు నేనూ నవ్వాను," అన్నాను.

సుమి నావైపు చూసింది. "దీదా, దాదు మాట కంటే నాకు మీ నవ్వే ఎక్కువ వినిపించింది," అంది బెంగాలీలో; దీదా అంటే మామ్మ. కోపంగా అనలేదు.

మంగళ్ దాదా మా ఆయన భుజం మీద చెయ్యి వేశారు. దాదాకు తెలుగు బాగానే వచ్చు. "తెలింగా, నేనెందుకు నవ్వేవాణ్ణో తెలుసా? నవ్వకపోతే నాతో కూర్చుని డబ్బా అన్నం తినడం మానేస్తావని. కొన్నాళ్ళు ఇంటికెళ్ళాక అన్నం సయించేది కాదు. కాని నా కాలు నలిగిన రోజు నన్ను వీపు మీద మోసింది కూడా నువ్వే. ఇద్దరూ నువ్వే. ఏటి సెయ్యను?"

మా ఆయన పలక పక్కన పెట్టారు. మంగళ్ దాదా మడమ దగ్గరి పాత మచ్చ వైపు చూస్తూ కూర్చున్నారు.

సుమి, "ఠీక్ ఆఛే, దాదు," అని, పరవాలేదన్నట్టు టీ పెట్టింది. మా ఇంటికి మాత్రం ఇప్పటిదాకా రాలేదు. రమ్మని అడగలేదు మేము. శిరీషే వాళ్ళింటికి వెళ్తుంది.

ఆ సాయంత్రం ఇల్లు చేరగానే శిరీష, "తాతా, టీ తాగుతావా?" అంది. దాదాపు ఏడాదికి అది మొదటి మాట. అప్పుడే తాగొచ్చారు. అయినా తల ఊపారు.

ఇప్పుడు రెండేళ్ళయింది. మూడు నెలలకోసారి చెకప్. గడ్డం కింద పెట్టుకుని మాట్లాడే చిన్న మెషిన్ ఇచ్చారు, ఎలక్ట్రోలారింక్స్. ఏం మాట్లాడినా ఒకటే స్వరం. ఎవరి యాసా పట్టదు. మంగళ్ దాదా రోజూ వస్తారు, ఇద్దరూ పేకాడతారు, ఎక్కువ మాట్లాడుకోరు.

మా ఆయన సొంత గొంతు మా దగ్గర ఆ పదకొండు నిమిషాలే ఉంది. ఎవరమూ పెట్టుకుని వినం. కాని మొన్న శిరీష ఫోన్‌లో 'తాత' అన్న పేరు చూసి, అక్షరాలు కూడబలుక్కుని నొక్కాను. ఆ రికార్డింగు మొదట్లోని చిన్న ముక్క మాత్రం అది కత్తిరించి విడిగా దాచుకుంది. ఆయన దగ్గుతారు. తర్వాత, "ఏటే, ఆన్ అయ్యిందా?" అని నన్ను అడుగుతారు. అంతే. కథలు మొదలుకాకముందే ఆగిపోతుంది.

చదివేవారికి నేను చెప్పేది ఒక్కటే. మూడు వారాలు దాటి గొంతు బొంగురుగా ఉంటే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడకపోయినా సరే, ఆ రోజే బండి పిలవండి. నేను నాలుగు నెలలు ఆలస్యంగా ఎక్కించాను.